డీవీడీ రైటింగ్ నత్తనడక నడుస్తుంటే: రైటర్ మార్చే ముందు బఫర్ చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు అరండల్‌పేటలో ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు డీవీడీలకు రైట్ చేసి ఇస్తారు. విండోస్ 10 ఉన్న సిస్టంలో ఒక్కో డీవీడీకి 40 నిమిషాలు పడుతోంది. డిస్కు మీద 16ఎక్స్ అని, రైటర్ మీద 24ఎక్స్ అని రాసి ఉంది. రైటర్ పోయిందని షాపులో చెబితే కొత్తది వేయించారు, అయినా తేడా లేదు. వీడియోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉంటాయి. డిస్కులు ఈ సీజన్‌కి కొత్తగా కొన్న 50 డిస్కుల డబ్బాలోవి. మూలన ఉన్న పాత ఎక్స్‌పీ సిస్టంలో అయితే గంట పైనే, పైగా రైట్ అవుతున్నంతసేపు మౌస్ కూడా కదలదు. శ్రావణమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, ఏం చేయాలి?

కొత్త రైటర్ వేసినా అదే 40 నిమిషాలు పట్టిందంటే తప్పు రైటర్‌ది కాదని దాదాపు తేలిపోయినట్టే. ఇంకో రైటర్ కొనకండి. ఇంకో సంగతి, మీ రెండు సిస్టంల జబ్బు ఒకటి కాదు. ఎక్స్‌పీ సిస్టం సంగతి మీ మాటల్లోనే తెలిసిపోతోంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. విండోస్ 10 సిస్టంకి కొంచెం లెక్క వేయాలి.

డీవీడీలో 1ఎక్స్ అంటే సెకనుకు 1,385 కేబీ. సీడీలో 1ఎక్స్ అంటే 150 కేబీయే. పేరు ఒకటే అయినా ఆ ఎక్స్ వేరు, ఈ ఎక్స్ వేరు. సీడీ 48ఎక్స్‌లో అవుతుంటే డీవీడీ 8ఎక్స్‌లోనే అవుతోందేంటని బాధపడేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. నిజానికి డీవీడీ 8ఎక్స్ ఆ సీడీ 48ఎక్స్ కన్నా వేగం. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. విండోస్ దాన్నే 4.38 అని చూపిస్తుంది, అది లెక్కించే పద్ధతిలో తేడా, డిస్కులో ఏమీ తగ్గలేదు. నిండు డిస్కు 1ఎక్స్‌లో రైట్ అయితే సుమారు 57 నిమిషాలు, 2ఎక్స్‌లో 28, 4ఎక్స్‌లో 14, 8ఎక్స్‌లో 8, 16ఎక్స్‌లో 6 నిమిషాల దాకా పడుతుంది. మొదట్లో, చివర్లో రైటర్ సర్దుకోవడానికి ఇంకో నిమిషం కలుపుకోండి.

16ఎక్స్ అంటే 57ని 16తో భాగిస్తే మూడున్నర నిమిషాలే కదా, ఆరెందుకు అంటారా? 16ఎక్స్ డిస్కు మొదటి నుంచీ 16ఎక్స్‌లో రైట్ అవ్వదు. రైటర్ డిస్కును ఒకే వేగంతో తిప్పుతుంది, నిమిషానికి పదివేల చుట్లకు అటూఇటూగా. డేటా లోపలి నుంచి బయటికి పడుతుంది. లోపల 24 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గర చుట్టు చిన్నది, బయట 58 మిల్లీమీటర్ల దగ్గర పెద్దది. అందుకే ఆరున్నర ఎక్స్ దగ్గర మొదలై, బయటి అంచుకు చేరేసరికి 16 అందుకుంటుంది. ఒకటింపావు జీబీ ఫైలు రైట్ చేసి 16ఎక్స్ రాలేదని ఫిర్యాదు చేస్తే ఆ రైటర్ మాత్రం ఏం చేస్తుంది?

ఇప్పుడు మీ 40 నిమిషాలు చూద్దాం. నిండు డిస్కుకి 40 నిమిషాలంటే సగటున 1.4ఎక్స్. మీ దగ్గరున్న లాంటి రైటర్, 16ఎక్స్ డిస్కు కలిసి 1.4ఎక్స్‌లో నిలకడగా రైట్ చేయడం అనేది ఉండదు. వాటికి 2, 2.4, 4, 6, 8 అని మెట్లు ఉంటాయి. కాబట్టి మూడింట్లో ఒకటి జరుగుతోంది. ఒకటి, 40 నిమిషాల్లో సగం అసలు రైటింగే కాదు, ఇంకేదో పని. రెండు, రైటింగ్ మధ్యమధ్యలో ఆగి ఆగి సాగుతోంది. మూడు, డిస్కు 2ఎక్స్‌లోనే రైట్ అవుతోంది, తర్వాత వెరిఫై, అంటే రాసింది సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం, కూడా కలిసి 40 దగ్గరికి వస్తోంది. ఈ మూడింటికీ మందులు వేరు. ఏది అనేది ఊహించాల్సిన పని లేదు, చూస్తే కనిపిస్తుంది.

చూడటానికి ఇమేజ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. పేరు స్పెల్లింగ్ ఐఎంజీబర్న్ అని ఉంటుంది. చివరి వెర్షన్ 2.5.8.0, 2013లో వచ్చింది, తర్వాత కొత్తది రాలేదు. అయినా విండోస్ 10లో బాగానే నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకండి, మధ్యలో అక్కర్లేని ప్రోగ్రాములు అంటగట్టే పేజీ వస్తుంది. అక్కడ టిక్కులు తీసేయండి.

రైట్ అవుతున్నప్పుడు దాని కింది భాగంలో రెండు పట్టీలు కనిపిస్తాయి. ఒకటి బఫర్, ఇంకోటి డివైస్ బఫర్. మన ఇళ్లలో సంపు నుంచి మేడమీద ట్యాంకుకు నీళ్లెక్కించి, ట్యాంకు నుంచి కుళాయికి వదులుతాం కదా, ఇక్కడా అంతే. బఫర్ అంటే కంప్యూటర్ మెమరీలో పట్టి ఉంచిన డేటా, అది సంపు. డివైస్ బఫర్ అంటే రైటర్ లోపల ఉండే చిన్న మెమరీ, అది ట్యాంకు. లేజర్ కుళాయి. ఆ చిన్న మెమరీ చాలా రైటర్లలో 2 ఎంబీ. 16ఎక్స్‌లో సెకనుకు 22 ఎంబీ ఖర్చవుతుంది కాబట్టి ఆ 2 ఎంబీ సెకనులో పదో వంతు కూడా ఆగదు. వెనక నుంచి సరఫరా ఒక్క క్షణం ఆగినా ఖాళీ అయిపోతుంది.

పాతరోజుల్లో అలా ఖాళీ అయితే డిస్కు పాడైపోయేది. 2000 ప్రాంతంలో సాన్యో వాళ్ల బర్న్‌ప్రూఫ్ లాంటి పద్ధతులు వచ్చాక డేటా ఆగినప్పుడు లేజర్ కూడా ఆగి, మళ్లీ డేటా రాగానే ఆపిన చోటి నుంచే అందుకుంటోంది. మంచిదే. కానీ దానివల్ల జబ్బు బయటికి కనపడకుండా పోయింది. డిస్కు పాడవ్వదు, ఎర్రర్ రాదు, ఊరికే లేటవుతుంది. అందరూ రైటర్‌ని తిడతారు.

కాబట్టి డిస్కు పెట్టి, రైట్ నొక్కి, ఐదు నిమిషాలు పట్టీలు చూడండి. రెండూ నిండుగా, తొంభై శాతం పైన కదలకుండా ఉండి, అయినా వేగం 2ఎక్స్‌లో ఉంటే కంప్యూటర్ డేటా బాగానే ఇస్తోంది, రైటరే తీసుకోవట్లేదు. అప్పుడు డిస్కు వైపు, రైటర్ వైపు చూడాలి. పట్టీలు పడిపోతూ లేస్తూ, సున్నాకి వచ్చి మళ్లీ నిండుతూ ఉంటే రైటర్, డిస్కు రెండూ బాగానే ఉన్నట్టు, డేటాయే రావట్లేదు. మొదటి పట్టీ నిండుగా ఉండి రెండోది మాత్రమే ఊగుతుంటే మధ్యలో కేబుల్, పోర్టు, కంట్రోలర్ గొడవ. విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని ఇన్నేళ్లు సర్వీస్ చేసినా నేను మొదట చూసేది ఇదే. స్క్రూడ్రైవర్ తర్వాత.

మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఉన్నది రైటింగ్ కాని పని మీద. మీ కెమెరా ఇచ్చేది, మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది హెచ్.264 వీడియో. ఇంట్లో డీవీడీ ప్లేయర్‌లో ఆడే డీవీడీకి మాత్రం ఎంపెగ్-2 కావాలి. మన దగ్గర టీవీలకు పాల్ పద్ధతి కాబట్టి 720 బై 576 సైజు, సెకనుకు 25 ఫ్రేములు. అంటే మీరు ఎంపీ4 ఫైలు తెచ్చి బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడేసి బర్న్ నొక్కితే, అది ముందు వీడియో మొత్తాన్ని ఎంపెగ్-2లోకి మారుస్తుంది. ఆ తర్వాతే రైట్ చేస్తుంది. రెండూ కలిపి ఒకే పట్టీలో శాతం చూపిస్తాయి చాలా సాఫ్ట్‌వేర్లు. పది కాపీలు కావాలంటే పదిసార్లూ మళ్లీ మొదటి నుంచి మార్చుకుంటూ కూర్చునేవీ ఉన్నాయి.

పట్టుకోవడం సులువు. బర్న్ నొక్కాక రైటర్ ముందు ఉండే చిన్న లైటు చూడండి, చెవి దగ్గర పెట్టి వినండి. లైటు వెలగట్లేదు, డిస్కు తిరుగుతున్న చప్పుడు లేదు, కానీ సీపీయూ ఫ్యాను గోల పెడుతోంది అంటే మీ నలభైలో ఆ భాగమంతా ప్రాసెసర్‌ది. లైటు వెలిగిన దగ్గర్నుంచి గడియారం చూడండి. అసలు రైటింగ్ ఎనిమిది తొమ్మిది నిమిషాల్లో అయిపోతే మీ రైటర్, మీ డిస్కులు, మీ కేబుళ్లు అన్నీ దివ్యంగా ఉన్నాయి.

దీనికి మందు పని వరుస మార్చుకోవడమే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే ఎంపెగ్-2 డీవీడీ పాల్ సెట్టింగ్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి. రెండు గంటల వీడియోకి సగటున సెకనుకు నాలుగున్నర మెగాబిట్ల చుట్టూ పెడితే ఒక డిస్కులో పడుతుంది. అంతకన్నా ఎక్కువ వీడియో కుక్కకండి, అక్షింతల సీను అంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది. మెనూ, చాప్టర్లు చేసుకున్నాక నేరుగా డిస్కుకి పంపకుండా ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్కులో ఉండాల్సిందంతా ఒకే ఫైలుగా, హార్డ్ డిస్కులో సేవ్ చేయండి. ఆ ఐఎస్ఓని ఇమేజ్‌బర్న్‌లో ఎన్ని కాపీలు కావాలంటే అన్ని రైట్ చేసుకోండి. మార్చే పని ఒక్కసారే జరుగుతుంది, రాత్రి షట్టరు దించే ముందు పెట్టి వెళ్తే పొద్దున్నకి ఐఎస్ఓ రెడీగా ఉంటుంది. పెళ్లికొడుకు వైపు ఐదు, పెళ్లికూతురు వైపు ఐదు అన్నప్పుడు ఒక్క కాపీకి తొమ్మిది పది నిమిషాలు చొప్పున గంటా నలభై నిమిషాలు దాటదు. రెండు రైటర్లు ఉంటే ఇమేజ్‌బర్న్‌ని రెండుసార్లు తెరిచి రెంటికీ ఒకేసారి ఇవ్వొచ్చు.

డేటా రాకపోవడానికి ఇంకో కారణం మీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. యూఎస్‌బీ 2.0 సరిగ్గా పనిచేస్తే సెకనుకు ముప్పై ఎంబీ దాకా ఇస్తుంది, 8ఎక్స్‌కి అది ధారాళం. అదే పోర్టు ఏ కారణంతోనో పాత 1.1 వేగంలోకి దిగిపోతే సెకనుకు ఒక ఎంబీ వస్తే గొప్ప. అంటే 1ఎక్స్ కూడా నిండదు. ఈ పరికరం ఇంకా వేగంగా పనిచేయగలదు అని విండోస్ మూలన చిన్న మెసేజ్ చూపిస్తుంది, మనం దాన్ని ఇంటూ కొట్టి మూసేస్తాం. క్యాబినెట్ ముందు వైపు పోర్టులకు లోపల సన్నటి వైరు ఉంటుంది, అది వదులైతే ఇదే గొడవ. హార్డ్ డిస్కును వెనక, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి. అంతకన్నా మంచిది, రైట్ చేయాల్సిన ఐఎస్ఓని ముందు సిస్టం సొంత హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవడం. పెన్‌డ్రైవ్ నుంచి, వైఫై మీద పక్క సిస్టం నుంచి నేరుగా రైట్ చేయడం అసలే వద్దు.

ఫొటోలు రైట్ చేసేటప్పుడు కూడా ఇలాంటి తలనొప్పే ఉంటుంది. వేల జేపీజీ ఫైళ్లను అక్కడికక్కడ ఒక్కొక్కటిగా వెతికి తెచ్చుకుంటూ రైట్ చేయాలంటే హార్డ్ డిస్కు సూది అటూ ఇటూ పరుగెత్తి అలసిపోతుంది. దానికి తోడు యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తడిమి చూస్తుంది. ముందు ఐఎస్ఓ చేసుకుంటే ఈ బాధ కూడా పోతుంది. ఇంకోటి, ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ రెండు దారులు అడుగుతుంది: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లా వాడాలా, సీడీ డీవీడీ ప్లేయర్‌తో వాడాలా అని. మొదటిది ఎంచుకుంటే ఫైలు ఫైలుకీ వేరువేరుగా రాస్తుంది, చిన్న ఫైళ్లయితే గంటలు పడుతుంది. పైగా టీవీ కింద పెట్టుకునే ప్లేయర్లలో చాలావాటికి ఆ డిస్కు అర్థం కాదు. రెండోదే ఎంచుకోండి.

ఇక మూడో పరిస్థితి, పట్టీలు నిండుగా ఉండి వేగం రాకపోవడం. మీరు ఈ సీజన్‌కి డబ్బా మార్చానన్నారు కాబట్టి ఇది కూడా కొట్టిపారేయలేను.

డబ్బా మీద 16ఎక్స్ అని అచ్చు వేయడం ఎవరైనా వేస్తారు. రైటర్ ఆ అచ్చు చదవదు. డిస్కు లోపల తయారు చేసినవాళ్ల కోడ్ ఒకటి ముందే వేసి ఉంటుంది, దాన్ని చదువుతుంది. ఆ కోడ్‌కి ఎంత పవర్‌తో, ఏ తీరులో, ఏ వేగంలో రాయాలో రైటర్ ఫర్మ్‌వేర్‌లో, అంటే దాని లోపల ఉండే సొంత సాఫ్ట్‌వేర్‌లో, పట్టిక ఉంటుంది. కోడ్ పట్టికలో ఉంటే సరే. లేకపోతే రైటర్ రిస్కు తీసుకోదు, తెలియని డిస్కు అని 2ఎక్స్ దగ్గరో 4ఎక్స్ దగ్గరో ఆపేస్తుంది. అందుకే ఒకే బ్రాండు పేరుతో ఉన్న రెండు డబ్బాల్లో ఒకటి 16ఎక్స్, ఇంకోటి 4ఎక్స్ రైట్ అవడం వింతేమీ కాదు. బ్రాండు వాళ్లు ఒక్కోసారి ఒక్కో ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తారు. ఒకప్పుడు మన దగ్గర ఏ షాపులో అడిగినా మోజర్ బేర్ డిస్కు చేతిలో పెట్టేవారు. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌లోకి వెళ్లింది. ఇప్పుడు దొరికే డబ్బాల్లో లోపల ఏముందో కోడ్ చూస్తే తప్ప తెలియదు.

ఇమేజ్‌బర్న్‌లో రైట్ మోడ్‌లోకి వెళ్లి ఖాళీ డిస్కు పెట్టండి, కుడివైపు మీడియా ఐడీ అని కనిపిస్తుంది. ఎంసీసీ అని మొదలైతే మిత్సుబిషి కెమికల్, టీవైజీ అని మొదలైతే తైయో యుడెన్, సీఎంసీ మాగ్ అంటే తైవాన్ సీఎంసీ, ఎంబీఐ అంటే మన మోజర్ బేర్. మొదటి రెండూ దొరికితే వదలకండి, పాత స్టాకే అయినా. అక్కడే ఈ డిస్కును ఏయే వేగాల్లో రాయగలదో కూడా చూపిస్తుంది. జాబితాలో 2ఎక్స్, 4ఎక్స్ మాత్రమే ఉంటే కథ అక్కడితో అయిపోయింది, ఆ డబ్బాని ఆ రైటర్‌లో ఎవరూ పరుగెత్తించలేరు. లాగ్ విండోలో కూడా మీరు అడిగిన వేగం ఒకటి, వచ్చింది ఇంకోటి అని తేడా రాస్తుంది. రైటర్ కంపెనీ సైట్‌లో కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేసి చూడొచ్చు, కానీ కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ ఉన్నప్పుడే, సరిగ్గా మీ మోడల్ నంబరుదే. నేనైతే ముందు వేరే డబ్బాలోంచి నాలుగు డిస్కులు విడిగా కొని చూస్తాను, ఖర్చు తక్కువ, నష్టం లేదు.

రైటర్ మీద 24ఎక్స్ అని ఉన్న అంకె గురించి కూడా చెప్పాలి. అది ఒకసారి మాత్రమే రైట్ చేసే మామూలు డీవీడీకి, అది కూడా మంచి డిస్కుకి. చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కులకు 6 లేదా 8ఎక్స్, రెండు పొరలుండే 8.5 జీబీ డ్యూయల్ లేయర్‌కి 8ఎక్స్ అని అదే డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2.4ఎక్స్ డ్యూయల్ లేయర్ డిస్కు నిండాలంటే ముప్పావుగంట పడుతుంది, అది రోగం కాదు. ల్యాప్‌టాప్‌లో ఉండే సన్నటి రైటర్లు, బయట పెట్టుకునే సన్నటి యూఎస్‌బీ రైటర్లు డీవీడీకి 8ఎక్స్ దాటవు.

ఫొటో స్టూడియోల్లో నేను ఎక్కువగా చూసిన ఇంకో సమస్య స్టిక్కర్లు. వధూవరుల ఫొటోతో కాగితం లేబులు ప్రింట్ చేసి ముందే డిస్కు మీద అతికించి, తర్వాత రైట్ చేస్తారు. లేబులు ఒక మిల్లీమీటరు పక్కకి జరిగినా, కింద గాలి బుడగ మిగిలినా ఆ వేగంలో డిస్కు ఊగుతుంది. బల్ల మీద చెయ్యి పెడితే తెలుస్తుంది, క్యాబినెట్ మొత్తం గుర్రుమంటుంది. రైటర్ భయపడి వేగం తగ్గించేస్తుంది. అతికించడమే మానేయండి. ప్రింటబుల్ డిస్కులు దొరుకుతాయి, వాటిమీద ఇంక్‌జెట్‌తో నేరుగా ప్రింట్ వేయొచ్చు, అది కూడా రైట్ అయ్యాక. కాగితం లేబులు కొన్నాళ్లకు ముడతపడి, రైట్ అయిన డిస్కు కూడా ప్లేయర్‌లో ఆగిపోతుంటుంది.

లెన్సు మీద దుమ్ము సంగతి మీకు చెప్పక్కర్లేదు. మిర్చి యార్డు వైపు నుంచి వచ్చిన సిస్టం తెరిస్తే ముందు నాలుగు తుమ్ములు, తర్వాతే పని. కొత్త రైటర్ కాబట్టి మీకు ఇప్పుడు ఆ అవసరం లేదు. వేడి మాత్రం చూసుకోండి. క్యాబినెట్‌ని టేబుల్ అరలో మూసిపెట్టి, ఎండాకాలం ఏసీ లేకుండా వరసగా డిస్కు మీద డిస్కు రైట్ చేస్తుంటే, మొదటి రెండూ 8ఎక్స్‌లో, నాలుగోది 4ఎక్స్‌లో పోవడం మామూలే. లేజర్ వేడెక్కితే రైటర్ మధ్యలో ఆగి పవర్ సరిచూసుకుంటుంది. అర తలుపు తెరిచి, డిస్కుకీ డిస్కుకీ మధ్య కొంచెం గ్యాప్ ఇవ్వండి.

రైటర్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టులో పెట్టి చూడటం రెండు నిమిషాల పని. కొన్ని బోర్డుల్లో ఇంటెల్ పోర్టులతోపాటు వేరే చిప్‌కి చెందిన అదనపు పోర్టులు రెండు ఉంటాయి, తరచుగా వేరే రంగులో. వాటిలో డీవీడీ రైటర్లు ఇబ్బంది పెడతాయి. రైటర్‌ని ప్రధాన పోర్టుల్లో ఒకదానికి మార్చండి. రెండో పట్టీ మాత్రమే ఊగే లక్షణానికి తరచుగా ఇదే కారణం.

ఇప్పుడు ఎక్స్‌పీ సిస్టం. గంట పైన పడుతోంది, మౌస్ కదలట్లేదు అన్నారు. ఆ రెండూ కలిస్తే డాక్టరు నాడి పట్టక్కర్లేదు, అది పీఐఓ మోడ్. వెడల్పు రిబ్బన్ కేబుల్ ఉండే ఐడీఈ రైటర్ మామూలుగా డీఎంఏ పద్ధతిలో డేటాను నేరుగా మెమరీ నుంచి తీసుకుంటుంది, ప్రాసెసర్‌కి పెద్దగా పని ఉండదు. పీఐఓలో పడితే ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోసి ఇవ్వాలి. అందుకే మౌస్‌కి కూడా తీరిక దొరకదు.

ఎవరూ మార్చకుండానే పీఐఓలోకి ఎలా పోయింది? ఎక్స్‌పీకి ఒక అలవాటు ఉంది. ఆ ఛానల్‌లో టైమవుట్లో, డేటా తప్పుగా వచ్చిందని చెప్పే సీఆర్సీ ఎర్రర్లో మొత్తం ఆరు లెక్క తేలితే వేగాన్ని ఒక మెట్టు దించుతుంది. ఇంకా వస్తుంటే ఇంకో మెట్టు. చివరికి పీఐఓ. మళ్లీ తనంతట తాను పైకి ఎక్కదు. కస్టమర్లు తెచ్చే గీతలు పడ్డ పాత సీడీలు, అరిగిపోయిన వీసీడీలు అందులో పెట్టి కాపీ కొట్టాలని చూస్తారు కదా, ఆ కుస్తీలోనే ఈ ఎర్రర్లు పోగవుతాయి.

మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్‌కి వెళ్లండి. ఐడీఈ ఏటీఏ అని ఉన్న దాని కింద సెకండరీ ఐడీఈ ఛానల్ తెరిచి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూడండి. ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర డీఎంఏ ఇఫ్ అవైలబుల్ అని ఉండి, దాని కింద కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర పీఐఓ అని ఉంటే అదే. పైన మళ్లీ మళ్లీ డీఎంఏ ఎంచుకున్నా లాభం లేదు. ఆ సెకండరీ ఛానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని కొత్తగా కనిపెట్టి, ఎర్రర్ల లెక్క సున్నా నుంచి మొదలుపెట్టి, అల్ట్రా డీఎంఏలో పెడుతుంది. రైటర్ ఒకవేళ ప్రైమరీ ఛానల్‌లో హార్డ్ డిస్కుతోపాటు ఒకే కేబుల్ మీద ఉంటే, దాన్ని సెకండరీకి మార్చండి. ఒకే తీగ మీద ఒకటి చదువుతూ ఇంకోటి రాస్తూ ఉండటం దానికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

అన్‌ఇన్‌స్టాల్ చేసిన వారానికే మళ్లీ పీఐఓకి వచ్చిందంటే కేబుల్ మార్చాలి. 40 తీగల పాత రిబ్బన్ కాకుండా 80 తీగలది వేయండి, చూడగానే సన్నటి గీతలు దట్టంగా కనిపిస్తాయి. కొత్తవి షాపుల్లో దొరకడం కష్టం, స్క్రాప్ బోర్డులు అమ్మేవాళ్ల దగ్గర ఉంటాయి. అంతకు మించి ఆ సిస్టం మీద డబ్బు పెట్టకండి. గీతలు పడ్డ డిస్కులు చదవడానికి దాన్ని వాడుకోండి, రైటింగ్ అంతా కొత్తదాని మీదే పెట్టుకోండి.

వేగం ఎంత పెట్టాలి అన్నదానికి నా అభిప్రాయం 8ఎక్స్. నిండు డిస్కు 8ఎక్స్‌లో ఎనిమిది నిమిషాలు, 16ఎక్స్‌లో ఆరు. ఆ రెండు నిమిషాల కోసం బయటి అంచున గరిష్ఠ వేగంలో తప్పులు ఎక్కువ పడే రిస్కు ఎందుకు? పెళ్లి వీడియోలో బయటి అంచుకి వచ్చేది అప్పగింతలు. సరిగ్గా అమ్మాయి వాళ్లమ్మ ఏడ్చే దగ్గర వీడియో చుక్కలై ఆగిపోతే డిస్కు మీ ముఖాన కొట్టి వెళ్తారు. అలాగని మరీ 2ఎక్స్‌లో రాస్తే ఇంకా బాగుంటుందనే నమ్మకం కూడా వద్దు. 16ఎక్స్ డిస్కుల రంగు పొర వేగంగా రాయడానికి తగ్గట్టు తయారుచేసింది, మరీ నిదానంగా కాలిస్తే వాటి నాణ్యత పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది. వెరిఫై మాత్రం ఇంట్లో ఉంచుకునే మాస్టర్ కాపీకి తప్పకుండా పెట్టండి. మిగతా కాపీల్లో అయిదింటికొకటి చూసుకుంటే చాలు.

ముందు చేయాల్సింది ఇది. ఎక్స్‌టర్నల్ డిస్కులోంచి ఒక తయారైన ఐఎస్ఓని సీ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. లేకపోతే పాత పెళ్లి డీవీడీ ఒకదాన్నే ఇమేజ్‌బర్న్‌తో ఐఎస్ఓగా చదివించండి. వెరిఫై టిక్ తీసేసి, 8ఎక్స్ పెట్టి కొత్త డబ్బాలోని డిస్కుకి రైట్ చేయండి. తొమ్మిది పది నిమిషాల్లో అయిపోతే మీ 40 నిమిషాలు వీడియో మార్చడానికో ఎక్స్‌టర్నల్ డిస్కుకో పోతున్నాయి. అరగంట పడితే డబ్బాది తప్పు. ఆ లాగ్‌లోంచి మీడియా ఐడీ ఉన్న లైను, వేగం ఉన్న లైను, చివర్లో సగటు రైట్ రేటు ఉన్న లైను, ఈ మూడూ నాకు పంపండి. వాటిని చూసి ఏ డబ్బా కొనాలో చెబుతాను.